చిత్రకారుడు: తెలియదు

నెదర్లాండ్స్‌లో ఉండే మా మేనల్లుడు పోయిన వారం అచ్చంపేటకు వచ్చిపోయాడు. వస్తూ వస్తూ ఇటుకంత పుస్తకం ఒకటి తెచ్చాడు. "మామా, నీకు బొమ్మల పిచ్చి గదా, నీకోసమే మోసుకొచ్చిన" అన్నాడు. అప్పటినుంచి ఇంట్లో నా పనులన్నీ ఆగిపోయాయి. ఒళ్ళో పెట్టుకుంటే తొడలు నొస్తున్నాయి, పక్కన పెడితే మనసు ఒప్పుకోవడం లేదు.

2016లో దెన్ బోష్ అనే ఊళ్ళో జరిగిన ప్రదర్శన పుస్తకం అది. ఆ ఊరి చిత్రకారుడు హైరోనిమస్ బోష్ పోయి అప్పటికి సరిగ్గా 500 ఏళ్ళు. ఆయన పోయిన 1516లో ఇక్కడ కృష్ణదేవరాయలు ఏలుతున్నాడు. పక్షి తల ఉన్న దయ్యం మనిషిని మింగుతున్నట్టు, రెండు చెవులు మధ్యలో కత్తి పెట్టుకొని నరకమంతా ఊరేగుతున్నట్టు గీసిన ఘనుడు ఆయనే.

నన్ను కదిలించింది మాత్రం ఆ దయ్యాలు కాదు. ఆయన పుట్టి పెరిగిన ఊళ్ళో ఆయన వేసిన బొమ్మ ఒక్కటి కూడా లేదు. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ మోజుపడి కొనుక్కున్నవి మాడ్రిడ్‌లో ఉన్నాయి, తక్కినవి దేశదేశాల పాలయ్యాయి. చేతిలో ఏమీ లేని ఆ చిన్న ఊరు ఏం చేసిందనుకున్నారు? బొమ్మలున్న వాళ్ళ గడపలెక్కింది. "మీ బొమ్మల్ని మా పండితులు పరీక్షిస్తారు, పాడైనవాటిని బాగుచేయడానికి సాయపడతాం, పండుగకు మాకు కొన్నాళ్ళు అరువియ్యండి" అన్నది. ఏళ్ళ తరబడి ఆ పని చేసి 17 చిత్రాలు తెచ్చుకుంది. మాడ్రిడ్ వాళ్ళు అన్నిటికన్నా పేరున్న చిత్రాన్ని మాత్రం గడప దాటనియ్యలేదు. అయినా నాలుగు లక్షలమందికి పైగా వచ్చి చూశారు. చివరి రోజుల్లో రాత్రంతా తలుపులు తెరిచే ఉంచారట.

ఇంకో ముచ్చట. బోష్ అన్నది ఆయన ఇంటిపేరు కాదు. అసలు పేరు యెరూన్ వాన్ ఆకెన్. బొమ్మల కింద ఊరి పేరుతో సంతకం పెట్టుకున్నాడు. సగం ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లే అయిన మనకు ఇది వింతగా తోచదు.

పుస్తకం మూసేసరికి నా పాత పుండు రేగింది. ఈ కాలమ్‌ను మొదటినుంచీ భరిస్తున్నవాళ్ళకు అదేమిటో చెప్పక్కర్లేదు. మ్యూజియంలో బొమ్మ పక్కన అంటించే అట్టముక్క, దాని మీద "చిత్రకారుడు: తెలియదు" అన్న రెండు మాటలు. వాటి మీద నేను ఇప్పటికి ఏడుసార్లు రాశానని ఒక పాఠకుడు లెక్కగట్టి ఉత్తరం వేశాడు. ఇది ఎనిమిదోది అనుకోండి.

లేపాక్షికి పోయినప్పుడూ ఇదే గొడవపడ్డాను. అచ్యుతరాయల కాలపు పైకప్పు అది. మెడ విరిగేలా తలెత్తి చూస్తే పార్వతి కల్యాణం, కిరాతార్జునీయం, ఆ మండపమంత వీరభద్రుడు. ఇప్పటి నేతగాడు కూడా నిలబడి చూసే చీరల అంచులు, పొడుగాటి కుళ్ళాయిలు. గుడి కట్టించిన విరూపణ్ణ పేరు అందరికీ తెలుసు, పరివారంతో సహా ఆయన బొమ్మ కూడా అక్కడే ఉంది. అదంతా గీసినవాడి పేరు అడిగితే జవాబు లేదు. డబ్బు పెట్టినవాడు పైకప్పు ఎక్కాడు, పరంజా ఎక్కినవాడు మాయమయ్యాడు. మన పటాల సంగతీ అంతే. హైదరాబాదులో జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో 1625 నాటి తెలంగాణ పటం ఒకటి ఉంది. ఇప్పుడు ఈ బొమ్మల్ని లోకం చేర్యాల బొమ్మలంటుంది. అక్కడ ఊరి పేరు చిత్రకారుణ్ణి నిలబెట్టింది. ఇక్కడ ఊరి పేరే చిత్రకారుణ్ణి మింగింది. మనమూ దెన్ బోష్ లాగా ఊరూరా తిరిగి పటాలన్నీ ఒకచోటికి చేర్చి, ఒక్కోదాని కింద గీసినవాడి పేరు రాసి, లక్షలమందిని రప్పించాలి. ఈ వారం కాలమ్ అదే అనుకొని కాగితం తీశాను.

పటం అన్న మాట రాయగానే కలం అమ్మమ్మ ఊరికి పోయింది.

నల్లగొండ దిక్కు సాలోళ్ళ వాడ అది. కోతలైనాక పటం కథ చెప్పే కూనపులోళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళు పద్మశాలీలకు తప్ప ఇంకెవరికీ కథ చెప్పరు, ఇంకెవరి దగ్గరా చెయ్యి చాపరు. మాదిగలకు డక్కలివాళ్ళు, గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు ఎట్లనో, మాకు వాళ్ళు అట్ల. వాడ మధ్యల రెండు గుంజలు పాతి, అడ్డంగా వెదురు బొంగు కట్టి, పటం చుట్టను దానికి వేలాడేసేవాళ్ళు. దీపం పెట్టి కొబ్బరికాయ కొట్టందే ముడి విప్పేవాళ్ళు కాదు. విప్పుతుంటే పెట్రోమాక్స్ వెలుగులో ముందు ఎరుపు కనిపించేది. ఇంగిలీకం ఎరుపు. ఆ ఎరుపు మీద మార్కండేయుడు, భావనారుషి, ఆయనెక్కిన పెద్దపులి. కథకుడు బెత్తంతో బొమ్మను తాకితే చాలు, ఆ బొమ్మ మాట్లాడేది. మూడు రాత్రులు కథ నడిచేది. పటం కిందికి జారిన కొద్దీ మేం పిల్లలం ఒకరి మీద ఒకరం వాలిపోయేవాళ్ళం. మూడోనాడు ఇంటింటికీ తిరిగి త్యాగం వసూలు చేసుకొనేవాళ్ళు. త్యాగమంటే భిక్షం కాదు, వాళ్ళ హక్కు. అమ్మమ్మ చేటలో బియ్యం, మీద పైకం, పక్కన కొత్త గుడ్డ పెట్టి ఇచ్చేది.

ఒక పగలు నేను కూనపులాయన దగ్గర చేరి పులిని ఇంకోసారి చూపించమని పోరుపెట్టాను. "పగటిపూట విప్పొద్దు బిడ్డా, దేవుళ్ళు పండుకున్నరు" అన్నాడు. చినిగినాక నాకియ్యమన్నాను. నవ్వాడు. చినిగిన పటానికి మనిషికి చేసినట్టే కర్మ చేసి నదిలో కలుపుతారని అప్పుడు తెలిసింది. దెన్ బోష్ వాళ్ళు వింటే గుండె ఆగి పడిపోతారు.

ఆ రాత్రే ఇంకొకటి విన్నాను. పులి కనిపించగానే అమ్మమ్మ పక్కనున్న ముసలామెతో మెల్లగా అన్నది: "గిది పాత నకాషాయన చెయ్యి కాదే. ఆయన పులికి మూతి గింత పొడుగుండదు. కొడుకు గీసినట్టున్నడు." నకాషీలంటే పటాలు గీసేవాళ్ళు.

అమ్మమ్మకు అక్షరం ముక్క రాదు. అట్టముక్క ఆమెకెందుకు? మా నాయన కూడా అంతే. సంతలో ఏ చీర పట్టుకున్నా, అంచు దగ్గర పోగుల బిగువు చూసి అది ఏ ఇంటి మగ్గం మీద దిగిందో చెప్పేవాడు. తన బతుకంతా నేసిన గుడ్డల్లో ఒక్కదాని మీదా తన పేరు వేసుకోలేదు. వేసుకోవాలన్న ఆలోచనే ఉండి ఉండదు. చూసేవాడికి చెయ్యి తెలుస్తున్నప్పుడు పేరు దేనికి?

పేరు పరాయివాళ్ళకు కావాలి. సరుకు ఊరు దాటి, గీసినవాడి ముఖం ఎరగనివాళ్ళ చేతిలో పడ్డప్పుడు కావాలి. బోష్ ఊరిపేరుతో సంతకం పెట్టింది అందుకేనేమో. సొంత ఊళ్ళో "నేను బోష్‌ వాణ్ణి" అని చెప్పుకోవాల్సిన పని ఎవడికుంటుంది?

పటం గీయడం కూడా ఒక్కడి పని కాదు. కథకులు నకాషీల ఇంటికి పోయి కూర్చొని కథ చెప్పాలి. సుద్ద, చింతగింజల జిగురు పట్టించిన గుడ్డ మీద, ఉడుత వెంట్రుకల కుంచెతో ఆయన దాన్ని రాయాలి. అందుకయ్యే పైకం కులపోళ్ళ త్యాగం నుంచి రావాలి. చెప్పినవాళ్ళు, రాసినవాళ్ళు, ఇచ్చినవాళ్ళు. ఇందులో ఎవరి పేరు అట్టముక్క మీద రాయించాలని నేను ఏడుసార్లు పోట్లాడాను?

ఇక దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. రెండేళ్ళ కింద మా కులపోళ్ళ కార్తీక భోజనాలకు ఒక కూనపులాయన పటం సంకన పెట్టుకొని వచ్చాడు. అందరికన్నా సంబరపడ్డది నేనే. అందరికన్నా ముందు గడియారం చూసిందీ నేనే. "అన్నాలకు టైమైతున్నది, ఇరవై నిమిషాల్ల కానియ్యి" అన్నాను. ఆయన మారుమాట్లాడలేదు. ఇరవై నిమిషాల్లో కానిచ్చి పటం చుట్టేసుకున్నాడు. పులి దాకా రానే లేదు. నేను ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నాను, కవర్లో ఐదు వందలు పెట్టి ఇచ్చాను. ఆయన పేరు అడగలేదు. ఆ పటం ఎవరు రాశారో అడగలేదు.

కాబట్టి మ్యూజియంల వాళ్ళకు ఈ కాలమ్ ముఖంగా విన్నపం. ఆ అట్టముక్కల జోలికి ఇక రాను. "తెలియదు" అన్న మాటను అట్లనే ఉంచండి. అది చిత్రకారుడి గురించి రాసింది కాదు, ఎదురుగా నిలబడి చదువుతున్న నా గురించి రాసింది. ప్రదర్శన గురించి కూడా ఇప్పుడేం అడగను. దెన్ బోష్ వాళ్ళు జనాన్ని పిలవడానికి ముందు, బొమ్మలున్నవాళ్ళ గడప తొక్కి వాటి బాగోగులు అడిగారు. నేను ఆ మొదటి మెట్టే ఎక్కలేదు.

మొన్న వాళ్ళనూ వీళ్ళనూ అడిగి ఆ కూనపులాయన నంబరు పట్టాను. ముందు పేరు అడిగాను. తర్వాత, వచ్చే కార్తీకంలో మూడు రాత్రులు కథ చెప్తారా అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

"చెప్పుడు మా పని సారూ, చెప్తం. మూడు రాత్రులు కూసుండెటోళ్ళు ఎవలో గది చెప్పుండ్రి."

కాగితం తీసి ఒకటో నంబరు వేసి నా పేరు రాసుకున్నాను. రెండో నంబరు వేసి రెండు రోజులైంది.