యంత్రంలో ఎవరున్నారు? లాగిన్ సెషన్ల తనిఖీ

కాళోజీ నారాయణరావు పెరిగిన ఊరుగా పేరున్న మడికొండలోని ఐటీ సెజ్‌లో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కార్యాలయాలు మొదలయ్యాక, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం హైదరాబాదు బండెక్కవలసిన పని ఓరుగల్లు యువతలో కొందరికైనా తప్పింది. ఇటువంటి కార్యాలయాల్లో సర్వర్లను చూసుకునే సిస్టమ్ అడ్మిన్లకు, ఆ సర్వరు పక్క గదిలో ఉన్నా సముద్రాల అవతల ఉన్నా, తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ఈ క్షణాన ఈ యంత్రంలోకి ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారు? సర్వరును రీస్టార్ట్ చేయబోయే ముందూ, ఉద్యోగం మానిన వ్యక్తి ఖాతాను మూసేటప్పుడూ ఈ సంగతి తేలి తీరాలి. దీన్ని ప్రోగ్రాం చేత రాబట్టే పద్ధతికి అర్ధశతాబ్దం దాటిన సంప్రదాయం ఉంది. యంత్రం చూపే జాబితాను సాక్ష్యంగా స్వీకరించాలే గాని తీర్పుగా కాదన్నది ఆ సంప్రదాయంలో ఆరితేరినవారు పాటించే నియమం.

1971 నవంబరు నాటి యూనిక్స్ తొలి మాన్యువల్‌లోనే 'హూ' అనే కమాండ్ ఉంది. అది చదివేది 'యూటీఎంపీ' అనే ఫైలును. ఎవరైనా లోపలికి వచ్చినప్పుడు లాగిన్ ప్రోగ్రాం అందులో ఒక నమోదు రాస్తుంది, వెళ్లినప్పుడు దాన్ని చెల్లనిదిగా మారుస్తుంది. దీనికి తోడుగా, వచ్చిపోయినవారి చరిత్రనంతా వరుసగా దాచే ఫైలు 'డబ్ల్యూటీఎంపీ'. నేటి 64 బిట్ల లినక్స్‌లో ఒక్కో నమోదు సాధారణంగా 384 బైట్లు ఉంటుంది. అందులో వాడుకరి పేరుకు 32, ఏ యంత్రం నుంచి వచ్చాడో చెప్పే చిరునామాకు 256 కేటాయించగా, మిగిలిన చోటులో టెర్మినల్ పేరు, ప్రాసెస్ సంఖ్య, సమయం మొదలైనవి ఇముడుతాయి. ప్రోగ్రాం ఒక్కో నమోదునే చదువుతూ, రకం సంఖ్య 7 అయితే వాడుకరి లోపల ఉన్నట్టూ, 8 అయితే వెళ్లిపోయినట్టూ గ్రహిస్తుంది.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. నెట్‌వర్క్ ఉన్నట్టుండి తెగినా, లాగిన్ ప్రోగ్రాం అర్ధాంతరంగా ఆగిపోయినా, 7 అన్న అంకె చెరిపేవారు లేక అలాగే ఉండిపోతుంది. మనిషి వెళ్లిపోయినా పేరు మిగులుతుంది. అందుకే జాగ్రత్తగల ప్రోగ్రాం నమోదులోని ప్రాసెస్ సంఖ్యను తీసుకుని ఆ ప్రాసెస్ బతికి ఉందో లేదో కెర్నెల్‌ను విచారిస్తుంది. అదీ చాలదు, ఖాళీ అయిన సంఖ్యను కెర్నెల్ మరో ప్రాసెస్‌కు ఇస్తుంది కాబట్టి, ఆ ప్రాసెస్ ఎప్పుడు పుట్టిందో కూడా చూసి, లాగిన్ సమయంతో సరిపోల్చాలి. ఇంత చేశాక తేలేది సెషన్ల లెక్కే, మనుషుల లెక్క కాదు. ఒకే ఉద్యోగి మూడు టెర్మినళ్లు తెరిస్తే మూడు వరుసలు కనిపిస్తాయి. 'టీమక్స్' వంటి సాధనంలో పని నడుస్తుండగా కనెక్షన్ మూసి ఇంటికి పోయినవాడి పని మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది.

'డబ్ల్యూ' అనే కమాండ్ ఒక అడుగు ముందుకు వేసి, టెర్మినల్ ఫైలును చివరిసారి చదివిన సమయాన్ని బట్టి వాడుకరి ఎంతసేపటి నుంచి కీబోర్డు ముట్టలేదో లెక్కగడుతుంది. కొన్నిచోట్ల ఈ అంకెను ఉద్యోగి హాజరుకు కొలమానంగా వాడాలన్న ఉబలాటం కనిపిస్తుంది గాని, తెరమీది కోడును అరగంట చదువుతూ ఆలోచించేవాణ్ని సోమరిగా చూపే కొలమానం అది.

లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీతో వచ్చిన 'లాగిన్‌డీ' ఈ పాత లెక్కను చాలావరకు చక్కదిద్దింది. అది ఒక్కో సెషన్‌కు గుర్తింపు ఇచ్చి, ఆ సెషన్‌లో పుట్టిన ప్రాసెస్‌లన్నిటినీ కెర్నెల్ సాయంతో ఒకే గుంపుగా ఉంచుతుంది గనుక, వాడుకరి వెళ్లిపోయినా ప్రాసెస్‌లు మిగిలి ఉన్న స్థితిని 'మూతపడుతున్నది' అని విడిగా చెప్పగలదు. విండోస్‌లో ఇదే పనికి సెషన్ల జాబితా ఇచ్చే ఫంక్షన్లు వేరుగా ఉన్నాయి. అక్కడి భద్రతా లాగ్‌లో 4624 సంఖ్యగల నమోదు లాగిన్‌ను తెలుపుతుంది, అందులో రకం 10 అని ఉంటే రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వచ్చారని అర్థం.

రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడటం వల్ల ఎంత ప్రయోజనమో 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో తెలిసివచ్చింది. కంప్యూటర్ వాడకపు ఖాతాల్లో 75 సెంట్ల తేడా ఎందుకొచ్చిందో వెతకబోయిన ఖగోళ శాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ స్టోల్, చివరకు పశ్చిమ జర్మనీ నుంచి చొరబడుతున్న దొంగ జాడ తీశాడు. ఇలా జాడ తీయాలంటే లాగ్‌లు మిగిలి ఉండాలి. భారతదేశంలో సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. గడియారాలను కూడా ప్రామాణిక సమయంతో కలిపి ఉంచాలి. గడియారం తప్పితే లాగిన్ చరిత్ర పనికిరాని కాగితమే.

పాత ఫైళ్లకు మరో గండం పొంచి ఉంది. యంత్రం 64 బిట్లదైనా, పాత ప్రోగ్రాములతో పొత్తు చెడకూడదని చాలా లినక్స్ వ్యవస్థల్లో యూటీఎంపీలోని సమయాన్ని 32 బిట్లలోనే ఉంచారు. ఆ లెక్క 2038 జనవరి 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. డబ్ల్యూటీఎంపీకి బదులుగా 'డబ్ల్యూటీఎంపీడీబీ' అనే చిన్న డేటాబేసు ఇప్పటికే కొన్ని లినక్స్ పంపిణీల్లోకి వచ్చింది. 384 బైట్ల చొప్పున ఫైలును నేరుగా కోసుకుని చదివే స్క్రిప్టులను అటువంటి చోట తిరగరాయవలసిందే. లాగిన్‌డీని అడిగి తెలుసుకునేవాటికి ఆ శ్రమ లేదు.