యౌగపద్యశాస్త్రమున నొక గ్రంథము: సుబోధతా విచారము

శాస్త్రగ్రంథము సుబోధమా, దుర్బోధమా యను ప్రశ్నకు లెక్కతో సమాధానము చెప్పు పద్ధతి యొకటి నేఁడు వ్యాపించియున్నది. 1948లో రుడాల్ఫ్ ఫ్లెష్ అను నాతఁడు ఆంగ్లవచనమునకై యొక సూత్రమును గల్పించెను. వాక్యమునకు సగటున నెన్ని పదములు, పదమునకు సగటున నెన్ని యుచ్చారణాంశములు అని లెక్కించి, వానిని గుణకములచే హెచ్చించి, 206.835 నుండి తీసివేయఁగా మిగిలిన సంఖ్యయే గ్రంథముయొక్క సుగమత. సంఖ్య పెద్దదైనకొలఁది గ్రంథము సులభమని యర్థము. ఈ కొలబద్దను తెలుఁగునకుఁ బట్టించిన నేమగును? "చెప్పుకొనుచుండినవారలకు" అనునది యొక్క పదమే, పదునొకండక్షరములు. బడిపిల్లవానికిని దాని యర్థము తెలియును. కొలబద్ద మాత్రము కఠినమనును. మఱియొకవంక రెండు పొట్టిపదముల వ్యాకరణసూత్రము దీనికి మిక్కిలి సుగమము. వృత్తి లేనిచో మహాపండితునకును దాని భావ మందదు. పాఠ్యపుస్తకములు వ్రాయు మన పండితులకు "వాక్యములను గుదింపుఁడు" అను నుపదేశము తఱచుగా వచ్చుచున్నది. కుదించుటయే సుబోధత యగునా యని పరీక్షించుటకు, ఈ కొలతకు లోఁబడని గ్రంథము నొకదానిని గైకొనుచున్నాను.

అది ఆంటొనీ హోర్ పండితుఁడు రచింపఁగా 1985లో ప్రెంటిస్ హాల్ వారు ప్రకటించిన "కమ్యూనికేటింగ్ సీక్వెన్షియల్ ప్రాసెసెస్". దీనికి డైక్‌స్ట్రా ముందుమాట వ్రాసెను. ఒకే కాలమునఁ బెక్కు వ్యాపారములు నడచుచు ఒండొంటితోఁ గలిసికొనుట యెట్లో కంప్యూటరు శాస్త్రరీతిని నిరూపించుట దీని విషయము. గ్రంథకర్త 1934లో కొలంబోలో జన్మించి, ఆక్స్‌ఫర్డునందు గ్రీకు లాటిను భాషలను, తత్త్వశాస్త్రమును జదివినవాఁడు. 1980లో ట్యూరింగ్ బహుమానము నందెను. ప్రాచీనభాషల చదువు ఆయన వచనమునకు మేలు చేసినదని నా యభిప్రాయము.

ఈ విషయమునఁ గల కష్టము మొదట గుఱుతింపవలెను. వాక్కు ఒక వరుస. ఒక వర్ణము వెనుక నొక వర్ణము, ఒక వాక్యము వెనుక నొక వాక్యము. ఏకకాలమున జరుగు రెండు పనులను ఈ వరుసలో నెట్లు చెప్పుట? మన భాషలో "తిని పోయెను" అను క్త్వార్థకము పూర్వాపరమును దెల్పును. "తినుచు పోయెను" అను శత్రర్థకము యౌగపద్యమును దెల్పును. కాని యీ రెండును ఒకే కర్తకుఁ జెందినవి. కర్తలు వేఱైనపుడు "అతఁడు తినుచుండఁగా ఇతఁడు పోయెను" అనవలెను; అట్లన్నంతనే యొక వ్యాపారము ప్రధానమై, రెండవది దానికి అంగమగును. రెండును సమప్రధానములని చెప్పుటకు వ్యాకరణము చాలదు. ఈ శాస్త్రమున గ్రంథము వ్రాయు ప్రతివాఁడును ఈ చిక్కును దాఁటవలసినదే.

హోర్ దీనిని దాఁటిన విధము మెచ్చదగినది. యంత్రమును జూచుచు, జరిగిన ప్రతి సంఘటన పేరును పుస్తకమున వ్రాసికొను పరిశీలకు నొకనిని ఆయన యూహింపుమనును. రెండు సంఘటనలు ఒకే క్షణమున జరిగినను ఆ లేఖకుఁడు ఒకదానిని ముందును, ఒకదానిని వెనుకను వ్రాయక తప్పదు. ఏది ముందు వ్రాసినను బాధ లేదు. ఇంతే. వాక్కునకుఁ గల లోపమునే శాస్త్రమునకుఁ బునాదిగాఁ జేసికొనెను. ఇట్టి యూహను మూఁడు వాక్యములలోఁ జెప్పి ముందునకు సాగినవాఁడు వచన మెఱిఁగినవాఁడు.

ఇఁక నుదాహరణములు. సంఘటనల పేర్లు చిన్న యక్షరములతోడను, ప్రక్రియల పేర్లు పెద్ద యక్షరములతోడను వ్రాయఁబడును. మన యనుబంధములవలె నవి చూచినంతనే జాతిని దెల్పును. తొలి యుదాహరణము నాణెము వేసినఁ జాక్లెట్టు నిచ్చు యంత్రము. తరువాత బిస్కత్తుల యంత్రము: రెండు పెన్నీలకుఁ బెద్దది, ఒక పెన్నీకిఁ జిన్నది. వరుసగా మూఁడు పెన్నీలు వేసితిరా, అది యిఁక కదలదు. పిమ్మట నొక తెలివిమాలిన బేరగాఁడు వచ్చి, ఒక్క పెన్నీ వేసి, పెద్ద బిస్కత్తే కావలెనని నిలుచును. యంత్రము చిన్నదానిని గాని, మఱియొక పెన్నీని గాని కోరుచు నిలుచును. ఇరువురిలో నెవ్వరును దప్పు చేయలేదు, ఇరువురును కదలరు. ఆంగ్లమున డెడ్‌లాక్ అనఁబడు ప్రతిష్టంభమునకు ఇంతకంటెఁ దేటయైన వృత్తి దుర్లభము. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవునట్లు, మాట కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోవఁడని చెప్పిన పతంజలి రీతి యిదియే. ఉదాహరణము వీథిలో దొరకవలెను.

ప్రసిద్ధమైన యైదుగురు తత్త్వవేత్తల కథయు నిందుఁ గలదు. 1965లో డైక్‌స్ట్రా పరీక్షాప్రశ్నగాఁ గల్పించినదానికి ఈ విందు రూపము నిచ్చినవాఁడు హోరే. గుండ్రని బల్లచుట్టు నైదుగురు, నడుమ నైదు ముండ్లగరిటెలు; తినుటకు ఎడమదియుఁ గుడిదియు రెండును గావలెను. అందఱు నొకమాఱే యెడమదానిని బట్టిన, అందఱు నాఁకలితోఁ గూర్చుందురు. ఒక్కొక్కని యవస్థలు ఆఱు, ఒక్కొక్క గరిటె యవస్థలు మూఁడు. మొత్తము 18,89,568 మించకుండ నగును. ఒక్కొక్కటిగాఁ బరీక్షించుట మనుష్యునకు సాధ్యము కాదు. నలుగురికి మించి కూర్చుండనీయని పరిచారకు నొకనిని నియమించుట షోల్టెన్ చెప్పిన పరిహారము. అది ప్రతిష్టంభమును దొలఁగించునని హోర్ లెక్కపెట్టకయే యుక్తిచే నిరూపించును. సంఖ్య చూపి భయపెట్టి, వెంటనే యుక్తిచే నా భయమును దీర్చుట బోధకుని నేర్పు.

మూఁడవ ప్రకరణమున నీ నేర్పు సన్నగిల్లినది. అచ్చట వికల్పము రెండు విధములగును. ఒకటి కొనువాని యిచ్ఛకు లోఁబడినది. రెండవది యంత్రముయొక్క లోపలి యిచ్ఛకు లోఁబడినది. మొదటిదానికి గుఱుతు చతురస్రము. రెండవదానికిఁ గ్రింది గీత లేని చతురస్రము. ఒక గీత తొలఁగిన నర్థము తలక్రిందగును. కొనువాఁడు కోరిన దొకటే యైనపుడు మొదటి యంత్రము దాని నిచ్చును. రెండవది యిచ్చును, ఈయకయుఁ బోవచ్చును. ఇట్టి భేదమునకుఁ గన్ను మోసపోవు గుఱుతులను నియమించుట యుచితము కాదు. అష్టాధ్యాయిలో వికల్పార్థమున వచ్చు వా, విభాషా, అన్యతరస్యామ్ అను మూఁటిని మన వ్యాఖ్యాతలు పర్యాయములనిరి. 1979లో కిపార్స్కీ అవి భిన్నార్థకములని వాదించెను: మొదటిదానఁ గార్యము ప్రశస్తము, రెండవదాన నప్రశస్తము, మూఁడవదాన రెండును సమములని. ఆ వాద మొప్పినను ఒప్పకున్నను, మాటలు వేఱుగా నుండుటచేతనే యా ప్రశ్న పుట్టినది. గీత భేదమే యైయుండిన, లేఖకుల చేతిలో నెన్నఁడో నశించియుండును.

ఈ ప్రకరణమున హోర్ చెప్పిన చిల్లర యంత్రము మంచి దృష్టాంతము. ఐదు పెన్నీల నాణెమునకు రెండు రీతులలో నేదో యొక రీతిని జిల్లర వచ్చును. ఏ రీతియో కొనువాని వశము కాదు. కాని దానిని త్వరగా విడిచి, నిరాకరణములు, గోపనము, అపసరణము అని యొకదానివెంట నొకటి నిర్వచనములు వచ్చిపడును. వాక్యములు పొట్టివే, ఫ్లెష్ కొలతకు నిర్దోషములే. చదువరి నిలిచిపోవు చోటు మాత్ర మిదియే.

అధికారిభేదము నెఱిఁగి వ్రాసిన పీఠిక యున్నదని కూడఁ జెప్పవలెను. ఉదాహరణము లెవరికి, బీజగణిత నియమము లెవరికి, లిస్ప్ భాషలోని యంత్రరచన లెవరికి, శుద్ధగణిత మెవరికి నని విభజించి, కావలసినంత చదివికొనుమనును. మన శాస్త్రగ్రంథముల యనుబంధచతుష్టయము నాయన యెఱుఁగకున్నను దాని పని చేసెను.

ఈ శాస్త్రమును దెలుఁగునఁ బాఠ్యముగా వ్రాయఁబూనువారు వాక్యములను దఱుగుటకుఁ బూర్వము, చిల్లర యంత్రమును గైకొని, నిరాకరణమును, గోపనమును దానిమీఁదనే నాలుగైదు పుటలు నడపిచూపవలెను. ఆ రెండు చతురస్రములకును రెండు వేఱు మాటలు పెట్టవలెను. పరేచ్ఛావికల్పము, స్వేచ్ఛావికల్పము అని నాకుఁ దోఁచినవి. ఇంతకంటె మంచివి పండితులు సూచింతురు గాక.