కోయకుండా గుర్తుపట్టే విద్య

దక్షిణ ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్‌లో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ముసలి బీచ్ చెట్ల కింద తలెత్తి నడవాలి. ఎప్పుడో కొమ్మ విరిగిన గాయం దగ్గర, మనిషికి అందనంత ఎత్తులో, తెల్లటి జడకుచ్చు లాంటిది వేలాడుతూ కనిపిస్తే అది హెరీషియం ఎరినేసియస్. అక్కడివాళ్ళు బియర్డెడ్ టూత్ అంటారు. హైదరాబాద్‌లో ఆన్‌లైన్‌లో తెప్పించుకునే 'లయన్స్ మేన్' పొడి, క్యాప్సూళ్ళు ఈ జాతివే. చైనా, జపాన్‌లలో రంపపు పొట్టు మీద దీన్ని విస్తారంగా సాగు చేస్తారు. బ్రిటన్ అడవిలో మాత్రం కావాలని కోస్తే నేరం. 1981 నాటి వన్యప్రాణి చట్టం ఎనిమిదో షెడ్యూలులోకి దీన్ని 1998లో చేర్చారు. లైకెన్లను పక్కన పెడితే ఆ షెడ్యూలులోకి ఎక్కిన శిలీంధ్రాలు నాలుగే.

కోయకూడదు, పెకలించకూడదు. మరి ఇది ఫలానాదే అని తేల్చడం ఎలా? ఈ ప్రశ్నకు బ్రిటన్‌లో ఒక పాత సంప్రదాయం దగ్గర జవాబుంది. పుట్టగొడుగుల కాలంలో గుంపుగా అడవిలోకి వెళ్ళి, కనిపించినవన్నీ గుర్తించి రాసుకోవడాన్ని అక్కడ 'ఫోరే' అంటారు. హియర్‌ఫర్డ్‌లోని వుల్‌హోప్ ప్రకృతి పరిశీలకుల క్లబ్బు 1868లో దీన్ని మొదలుపెట్టింది. నడిపించినవాడు హెన్రీ గ్రేవ్స్ బుల్ అనే వైద్యుడు. పగలంతా ఏరడం, రాత్రి అందరూ కూర్చుని వాటితోనే విందు. ఆ అలవాటు నుంచే 1896లో బ్రిటిష్ మైకలాజికల్ సొసైటీ పుట్టింది. డాక్టర్లు, బడిపంతుళ్ళు, చర్చి ఫాదర్లు సెలవు రోజుల్లో కూడబెట్టిన జ్ఞానం అది. ఈ శాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో జీతం తీసుకోనివాళ్ళే ఎక్కువమంది. వాళ్ళ శ్రమకు దక్కాల్సినంత గౌరవం దక్కలేదని నా అభిప్రాయం.

ఈ విద్యలో మొదటి పాఠం పుట్టగొడుగును చూడకముందే మొదలవుతుంది. అనుభవమున్నవాళ్ళు ముందు చెట్టును చదువుతారు. అది బీచా, ఓకా, ఆషా? బతికుందా, నిలువునా ఎండిందా, పడిపోయిందా? హెరీషియాలు బ్రిటన్‌లో ప్రధానంగా మూడు రకాలు, మూడింటికీ బీచ్ అంటే ఇష్టమే. కానీ ఎరినేసియస్ ఎక్కువగా ఇంకా ప్రాణమున్న ముసలి మాను గాయాల దగ్గరో, కూలిన మాను కోసిన మొహం మీదో వస్తుంది. కోరల్ టూత్ అనే కోరలాయిడీస్ నేలకొరిగిన పెద్ద దుంగల మీద, ఒక్కోసారి ఆష్ దుంగల మీద కూడా కనబడుతుంది. టియర్డ్ టూత్ అనే సిరాటం నిలబడి చచ్చిన చెట్ల మీదా, పడినవాటి మీదా దొరుకుతుంది. ఈ హద్దులు గట్టివి కావు గానీ, కన్ను ఎటు తిప్పాలో చెబుతాయి.

ఆ తర్వాత ఆకారం. ఎరినేసియస్‌కు కొమ్మలుండవు. ఒకటే ముద్ద, దాని నుంచి సెంటీమీటరు మొదలు ఐదు సెంటీమీటర్ల దాకా సాగిన మెత్తటి పళ్ళు. కోరలాయిడీస్ కొమ్మలు కొమ్మలుగా చీలుతుంది, ప్రతి కొమ్మ అడుగునా పొట్టి పళ్ళు దువ్వెన వరసలో ఉంటాయి. సిరాటం అరలు అరలుగా పేరుకుంటుంది, పళ్ళు అర కింద ఉంటాయి. అర పైభాగం మీద మాత్రం సిద్ధబీజాలు పుట్టించని మొండి పొలుసులు లేస్తాయి. మూడూ లేతగా ఉన్నప్పుడు తెలుపు, ముదిరితే పసుపు, ఆపైన గోధుమ రంగు. ఈ ముదిరినవాటి దగ్గరే పొరబాట్లు ఎక్కువ. పళ్ళు రాలి, ముద్ద కుంగి, కోరలాయిడీస్ కొమ్మలు ఒకదానికొకటి అతుక్కుపోతే ఫొటో చూసి పేరు చెప్పడం తెలివైన పని కాదు.

పళ్ళు ఎప్పుడూ నేలవైపే పెరుగుతాయి. సిద్ధబీజాలు పంటి పైపొర మీద పుట్టి, పక్కకు చిమ్మి, పళ్ళ మధ్య సందులోంచి కిందికి జారాలి, అందుకు పన్ను నిటారుగా ఉండాలి. దుంగ దొర్లితే కొత్తగా వచ్చే పళ్ళు కొత్త దిక్కున కిందికి తిరుగుతాయి. పాత పళ్ళు ఎటు, కొత్తవి ఎటు అని చూస్తే దుంగ కదిలిందో లేదో తెలుస్తుంది.

పళ్ళున్నంత మాత్రాన అవన్నీ చుట్టాలు కావు. లినేయస్ కాలం నుంచి పళ్ళున్నవాటిని హిడ్నమ్ అనే ఒకే ప్రజాతిలో కుక్కేవారు. బుల్యార్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఎరినేసియస్‌ను మొదట వర్ణించినప్పుడు అదీ హిడ్నమే. పెర్సూన్ 1790లలో హెరీషియాన్ని వేరు చేశాడు. నేల మీద మొలిచి, చెట్టు వేళ్ళతో కలిసి బతికే హెడ్జ్‌హాగ్ పుట్టగొడుగుకూ పళ్ళున్నాయి. కోనిఫర్ మోడుల మీద జిగురుగా వణికే సూడోహిడ్నమ్‌కూ ఉన్నాయి. పైన్ కాయల మీద సన్నటి కాడతో మొలిచే ఆరిస్కాల్పియంకూ ఉన్నాయి. సిద్ధబీజాలు పుట్టే చోటు పెంచుకోవడానికి శిలీంధ్రాలు వేర్వేరు దారుల్లో ఇదే ఉపాయం కనిపెట్టాయి.

అందుకే చివరి తీర్పు సూక్ష్మదర్శిని ఇస్తుంది. పండిన పళ్ళ కింద గాజుపలక పట్టుకుంటే సిద్ధబీజాలు వాటంతటవే రాలతాయి. దీనికోసం ఒక్క పన్నూ విరవనక్కర్లేదు. వాటి మీద అయోడిన్ కలిసిన మెల్జర్ ద్రావణం చుక్క వేస్తే హెరీషియం అయితే నీలి నలుపుకు తిరుగుతాయి. గొడుగు ఆకారంలో నేల మీద మొలిచే రస్యులాల సిద్ధబీజాలకూ ఇదే గుణం ఉంది. పళ్ళు చూసి ఎవరూ ఊహించని ఆ చుట్టరికాన్ని తర్వాత డీఎన్‌ఏ కూడా ఖాయం చేసింది. ఇక కొలత. ఎరినేసియస్ సిద్ధబీజం సుమారు 5 నుంచి 6.5 మైక్రాన్లు, మిగతా రెండింటివీ అంతకంటే చిన్నవి.

సూక్ష్మదర్శిని ఉన్నా తేలని చిక్కులుంటాయి. ఉత్తర అమెరికాలో దశాబ్దాల పాటు కోరలాయిడీస్ అని రాసుకున్నదాంట్లో చాలా భాగం వేరే జాతి. జేమ్స్ గిన్స్ 1984లో దానికి అమెరికానమ్ అని పేరు పెట్టాడు. దానివల్ల పాత పుస్తకాల్లోని పేర్లను ఇప్పటికీ జాగ్రత్తగా చదవాలి. నమూనాలు దాచిన హెర్బేరియాలు లేకపోతే ఆ తప్పు దిద్దడానికి ఆధారమే ఉండేది కాదు.

ఇంతకీ బియర్డెడ్ టూత్ నిజంగా అరుదైనదా, లేక అరుదుగా బయటపడుతోందా? 2005లో కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో లిన్ బాడీ బృందం కలపలోనే ఈ పళ్ళ శిలీంధ్రాల డీఎన్‌ఏను పట్టే పీసీఆర్ పరీక్ష తయారుచేసింది. కలప ముక్కల్ని పళ్ళెంలో పెట్టి పెంచే పాత పద్ధతి విఫలమైన చోట కూడా అది వాటిని పట్టింది. అంటే బయట కనిపించే కుచ్చు కొన్ని వారాల సంగతి, లోపలి పోగులు చేవను తింటూ ఏళ్ళ తరబడి ఉంటాయి. ఈ పరీక్ష వచ్చాక ఫోరే నడిచేవాళ్ళతో పనిలేదని కొందరికి అనిపించవచ్చు. నేను ఒప్పుకోను. ఏ అడవిలో, ఏ మానులో వెతకాలో ముందు చెప్పేది వాళ్ళ నోటుపుస్తకాలే.

ఆ లోపలి పోగులకు కావలసింది పెద్ద, పాత, పుచ్చుతున్న మాను. ఎపింగ్ ఫారెస్ట్, విండ్సర్ గ్రేట్ పార్క్, న్యూ ఫారెస్ట్ లాంటి చోట్ల వందల ఏళ్ళ చెట్లను కూలనిచ్చి, కూలినవాటిని కూలినచోటే వదిలేశారు కనుకే హెరీషియాలు మిగిలాయి. శుభ్రత పేరుతో దుంగలు ఎత్తుకుపోయిన అడవిలో ఇవి ఉండవు. ఒక్క బియర్డెడ్ టూత్ నమోదు చాలు, ఎండుమానును తొలగించొద్దని అటవీ యాజమాన్యంతో వాదించడానికి.

ఇప్పుడు ఇంట్లో పెంచుకునే లయన్స్ మేన్ కిట్లు వచ్చాయి. పంట అయిపోయిన దిమ్మెను తోటలోనో అడవి అంచునో పారేయడం మంచిది కాదు. సాగు నుంచి తప్పించుకున్న బంగారు ఆయిస్టర్ పుట్టగొడుగు ఉత్తర అమెరికా అడవుల్లో ఎలా పాకుతోందో చూస్తూనే ఉన్నాం. లండన్, రెడింగ్ వైపు ఉంటూ వారాంతాల్లో నడకకు వెళ్ళే తెలుగువాళ్ళకు అడవిలో బియర్డెడ్ టూత్ ఎప్పుడైనా ఎదురుపడవచ్చు. అప్పుడు దగ్గరి నుంచి ఒక ఫొటో, పళ్ళ పొడవు తెలిసేలా పక్కన స్కేలు పట్టి ఇంకొకటి, చెట్టు మొత్తం పట్టేలా మరొకటి తీయాలి. చెట్టు పేరు, ప్రాణముందా లేదా, నేల నుంచి ఎత్తు, తేదీ, మ్యాప్ గ్రిడ్ నంబరు రాసుకుని, ఆ జిల్లా శిలీంధ్ర నమోదు బృందానికి పంపాలి. మరుసటి ఏడాది అదే నెలలో అదే చెట్టు దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి, ఏమీ రాకపోతే రాలేదని కూడా రాయాలి.