పొద్దుటి హరీస్

ఈ వారం జల్‌పల్లి నుంచి హైదరాబాద్ సిటీలోకి వస్తూ పొద్దున్నే బార్కస్‌లో ఆగాను. రంజాన్ నెల కాదు. అయినా హరీస్ దేగ్ పొయ్యి మీదే ఉంది. ప్రాణం లేచొచ్చింది.

హలీమ్ రంజాన్‌లోనే తినాలని నేను పోరుతుంటానని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. హరీస్ సంగతి వేరు. ఇందులో పప్పుల్లేవు, మసాలాల హడావుడి లేదు. నానిన గోధుమలు, మాంసం, ఉప్పు. మిగతాదంతా నిప్పూ, రెక్కల కష్టమూ. గంటల తరబడి సన్నటి సెగ మీద ఉడకాలి. కట్టె ఘోట్నాతో దంచీ దంచీ మాంసమేదో గోధుమేదో తెలియకుండా చేయాలి. మిక్సీలో వేస్తే మాంసం పీచు తెగిపోతుంది, ముద్దకు ఆ సాగుడు రాదు.

దీన్ని తెచ్చినవాళ్లు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకు సిపాయిలుగా వచ్చిన అరబ్బులు. మనం చావుష్‌లంటాం. 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో ఆ కొలువు పోయింది. చాలామందిని నిర్బంధించారు, ఎందరినో ఏడెన్‌కు ఓడ ఎక్కించారు. ఉండిపోయినవాళ్లు దొరికిన పనల్లా చేశారు. వాళ్లుండే బార్కస్ జామకాయలకు నగరమంతా పేరొచ్చింది. తర్వాతి తరం గల్ఫ్ దారి పట్టింది. ఇళ్లలో అరబ్బీ చాలావరకు పోయి దక్కనీ ఉర్దూ నిలిచింది. హరీస్ మాత్రం పోలేదు.

దీనికో పండుగ ఉండాలని చాన్నాళ్లుగా నా కోరిక. హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది, దానికి తల్లి లాంటి మన హరీస్‌కు ఇక్కడ అలాంటిది లేదు. బోర్నియో దీవిలో, మలేసియాలోని సబా రాష్ట్రంలో, దూసున్ తెగవాళ్లు ఏటా మే 30, 31 తేదీల్లో కామతన్ అనే వరికోతల పండుగ చేసుకుంటారు. అక్కడి ప్రభుత్వం సెలవు కూడా ఇస్తుంది. మన హరీస్‌కూ అలాంటి రోజొకటి కావాలని అడగడానికే ఇది రాయబోయాను.

రాస్తుంటే మనసొప్పలేదు. దూసున్‌ల కొండవరి ఏడాదికోసారి ఇంటికొస్తుంది, ఆ రోజు పండుగ కావడం న్యాయం. హరీస్ పొద్దుటి నాష్తా. తాత ఉప్పుది తిని పనికి పోతాడు, మనవడు నెయ్యీ చక్కెరా వేయించుకుని బడికి పోతాడు. దాన్ని ఒక తేదీకి కట్టేస్తే ఆ రోజు వేదికలూ బ్యానర్లూ వెలుస్తాయి, మర్నాడు దేగ్ దగ్గరికి ఎవరొస్తారు? పండుగ వద్దు. రోజూ తినేవాళ్లు కావాలి. ఆ దారిన పోయే పనుంటే ఇంట్లో టిఫిన్ చేయకండి. ఎండెక్కకముందే బార్కస్ చేరుకుని, ఓ ప్లేటు కొని తినండి.