బాకా ఊదేవాడు

ఈసప్ కథల్లో ఒక చిన్న కథ ఉంది. యుద్ధంలో ఒకడు శత్రువులకి పట్టుబడతాడు. నేనెవర్నీ చంపలేదు, ఈ ఇత్తడి వాద్యం తప్ప నా దగ్గర ఆయుధమే లేదు, వదిలేయండి అని బతిమాలుకుంటాడు. నువ్వు కొట్లాడవు గానీ మిగతావాళ్ళని కొట్లాటకి లేపుతావు, నిన్నే ముందు చంపాలి అంటారు వాళ్ళు. ఇంగ్లీషులో ఇతను ట్రంపెటర్. తెలుగులో ఏమనాలి?

'బాకా ఊదేవాడు' అంటే సరిపోవాలి. కానీ ఆ మాట వినగానే మనకి యుద్ధభూమి కాదు, నాయకుడి పక్కన నిలబడి భజన చేసే మనిషి గుర్తొస్తాడు. 'బూర' అంటే తిరునాళ్ళలో పిల్లలు కొనిపించుకునేది. తెలుగు బైబిల్లోని 'కడబూర'లో మాత్రం దానికి కాస్త గాంభీర్యం మిగిలింది. 'కొమ్ము' ఇంకా దగ్గరగా వస్తుంది గానీ, అది కాటమరాజు కథ చెప్పే కొమ్మువారి సొత్తు. ఈసప్ సైనికుడికి అతకదు.

ఇంగ్లీషు మాట పుట్టుక మామూలుదే. పాత ఫ్రెంచిలో 'ట్రాంప్' అంటే ఊదే కొమ్ము. దానికి 'చిన్నది' అనే ప్రత్యయం చేరితే ట్రంపెట్, 'చేసేవాడు' అనేది చేరితే ట్రంపెటర్. మూలధాతువు మన ఘీంకారంలాగే శబ్దాన్ని అనుకరించి పుట్టి ఉంటుందంటారు. ఇప్పటి ఫ్రెంచిలో ఏనుగు తొండం కూడా 'ట్రాంపే'. (పేకాటలో తురుఫుకి వాడే 'ట్రంప్' వేరు, అది 'ట్రయంఫ్' నుంచి వచ్చింది.) లాటిన్‌లో ట్రంపెటర్‌ని 'బుక్సినేటర్' అంటారు. మన బుగ్గలో ఉండే కండరానికీ, ట్రంపెటర్ అనే హంసకీ శాస్త్రీయ నామాల్లో ఉన్నది అదే. ఇ.బి. వైట్ 1970లో ఆ హంస మీద పిల్లల నవల రాశాడు. అందులో లూయీ అనే హంస పుట్టుమూగ. తండ్రి దుకాణంలోంచి ట్రంపెట్ ఎత్తుకొచ్చి కొడుక్కిస్తాడు. లూయీ దాన్ని వాయించి సంపాదించి ఆ బాకీ తీరుస్తాడు. బాకాకి బాకీ తీర్చడం నాకు భలే నచ్చింది.

ఇంగ్లీషులోనూ ఎవరి ట్రంపెట్ వాళ్ళు ఊదుకోవడం ఉంది. అయినా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని ట్రంపెటర్ అంటే అది తిట్టు కాదు. 1928 నాటి 'వెస్ట్ ఎండ్ బ్లూస్' మొదట్లో అతనొక్కడే వాయించే ఆ కొద్ది సెకన్లు విన్నవాళ్ళకి ఆ పదం మీద గౌరవం వచ్చేస్తుంది. అలా వాయించడానికి వాల్వులు కావాలి, అవి పందొమ్మిదో శతాబ్దం మొదట్లో వచ్చాయి. అంతకుముందు మామూలు ట్రంపెట్‌లో పలికే స్వరాలు కొన్నే, అందుకే సైన్యంలో అది ముఖ్యంగా సంకేతం. దాడికి ఒకటి, వెనక్కి తగ్గడానికి ఒకటి. రెండూ ఒకేలా వినిపిస్తే మనుషులు చస్తారు. కొరింథీయులకి రాసిన మొదటి లేఖలో పౌలు అడిగిందీ అదే, ధ్వని స్పష్టంగా లేకపోతే యుద్ధానికి ఎవరు సిద్ధమవుతారని.

తెలుగులో పుస్తక సమీక్షలు చదువుతుంటే నాకు ఇదే తడుతుంది. మిత్రుడి కవితా సంపుటి వస్తే 'మైలురాయి', ఇంకో మిత్రుడిది వస్తే అదీ 'మైలురాయే'. ఇన్ని రాళ్ళు పాతాక రోడ్డు ఎక్కడుందో తెలీదు. మా ఉద్యోగాల్లో సర్వర్ ప్రతి చిన్న విషయానికీ ఎర్ర అలర్ట్ పంపిస్తే వారం తిరిగేసరికి ఎవరూ ఫోన్ వైపు చూడరు. సమీక్షకుడు పొగడకూడదని కాదు, గొంతెత్తి పిలవాల్సిన పుస్తకాలు ఉంటాయి. దాడి సంకేతం ప్రతిరోజూ ఊదేవాడి మాట ఆ రోజున ఎవరు వింటారు? నేను చెప్పాను గానీ కొనమన్లేదుగా, అది నా అభిప్రాయం మాత్రమే అని తప్పించుకునే సమీక్షకుడు ఈసప్ బందీకి తమ్ముడే.

అందుకని ఆ కథని అనువదించేవాళ్ళు 'బాకా ఊదేవాడు' అనే రాయాలంటాను. తిట్టులా వినిపిస్తుందా, వినిపించనీ. అతన్ని పట్టుకున్నవాళ్ళు మర్యాదగా పిలిచి ఉంటారని నేననుకోను.