ఫిల్టర్‌లో దేన్ని వదులుకోవాలి?

వేవ్‌లెట్ పాఠం మొదలుపెట్టే రోజు విద్యార్థులను కంప్యూటర్లు కట్టేయమంటాను. నాలుగు గుణకాల ఫిల్టర్‌ను వాళ్లు కాగితం మీద రాబట్టాలి. తెలియనివి నాలుగు కాబట్టి నాలుగు సమీకరణాలు కావాలి. గుణకాల వర్గాల మొత్తం 1 కావాలన్నది మొదటిది. ఫిల్టర్‌ను రెండు స్థానాలు జరిపి దానితోనే గుణించి కూడితే సున్నా రావాలన్నది రెండోది. ఈ రెండూ కుదిరిన ఫిల్టర్‌ను ఆర్థోగొనల్ అంటాం; అప్పుడు విడగొట్టిన సిగ్నల్ చెక్కుచెదరకుండా మళ్లీ కలుస్తుంది. మిగిలిన రెండింటినీ ఎక్కడ ఖర్చుపెడతామన్నదే డిజైన్.

ఇంగ్రిడ్ డోబెషీ 1988 నాటి పత్రంలో ఆ రెండింటినీ నునుపు కోసమే పెట్టారు. సిగ్నల్ నిలకడగా ఉన్నా, సరళరేఖలా పెరుగుతున్నా, దీనికి జోడీగా సూక్ష్మ వివరాలు పట్టే ఫిల్టర్ సున్నా చూపాలి. లెక్క తేల్చితే 0.4830, 0.8365, 0.2241, -0.1294 వస్తాయి. సాఫీగా సాగినచోటల్లా సున్నాలు, అంచు తగిలినచోటే పెద్ద విలువలు! కంప్రెషన్‌కు అంతకన్నా ఏం కావాలి?

అయితే ఆ నాలుగు విలువలకు సౌష్ఠవం లేదు. ఆర్థోగొనల్‌గానూ, పరిమిత పొడవుతోనూ, సౌష్ఠవంగానూ ఉండే వాస్తవ సంఖ్యల వేవ్‌లెట్ 1910 నాటి హార్ వేవ్‌లెట్ ఒక్కటే. ఫోటోలో సౌష్ఠవం లేకపోవడం ఇబ్బంది పెడుతుంది. బొమ్మ అంచు దగ్గర పిక్సెళ్లు అయిపోతే ఉన్నవాటినే తిరగేసి కొనసాగిస్తాం. ఫిల్టర్ సౌష్ఠవంగా ఉంటేనే ఆ పద్ధతి అదనపు విలువలు దాచే పని లేకుండా సరిపోతుంది.

1992లో కోహెన్, డోబెషీ, ఫోవో ఆర్థోగొనల్ పట్టు సడలించారు. వాళ్ల 9/7 జతలో విడగొట్టే లో-పాస్‌కు (స్థూల రూపం పట్టే ఫిల్టర్‌కు) 9 గుణకాలు, కలిపే లో-పాస్‌కు 7. సౌష్ఠవం దక్కింది. నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది మరొకటి: ఈ జత ఆర్థోగొనల్‌కు చాలా దగ్గర్లోనే ఉంటుంది, అందుకే విలువలను కుదించినప్పుడు వచ్చే పొరపాటు పెద్దగా పెరగదు. జేపెగ్ 2000 దీన్నే తీసుకుంది. డిజిటల్ సినిమాకు ఉద్దేశించిన డీసీఐ ప్రమాణం పాటించే థియేటర్‌లో మనం చూసే సినిమాలో ప్రతి ఫ్రేమూ ఈ 9/7 గుండా వచ్చిందే.

ఎక్స్‌రేలకూ ఇదే వాడదామా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 9/7 గుణకాలు కరణీయ సంఖ్యలు. ఎక్కడో ఒకచోట వాటిని సవరించక తప్పదు, దాంతో అసలు విలువలు అచ్చంగా తిరిగి రావు. జేపెగ్ 2000లోనే ఉన్న 5/3 పొట్టిది, నునుపు తక్కువ. కానీ అది పూర్ణసంఖ్యలతోనే నడుస్తుంది, ఒక్క పిక్సెల్ కూడా మారదు. డాక్టర్ చూసే బొమ్మకు నేను 5/3నే ఎంచుకుంటాను.