అమృతం ఊరికే పుట్టలేదు

తెలుగు టీవీ హాస్యంలో అన్నిటికన్నా గొప్ప పని ఏదంటే నేను తడుముకోకుండా ‘అమృతం’ అంటాను. 2001 నవంబరులో జెమినీ టీవీలో మొదలై 2007 నవంబరులో ముగిసింది. మొత్తం 313 ఎపిసోడ్లు. ‘లిటిల్ సోల్జర్స్’ తీసిన గుణ్ణం గంగరాజు నిర్మాత. టైటిల్ పాట సిరివెన్నెల రాస్తే కల్యాణి మాలిక్ బాణీ కట్టారు. ఆదివారం రాత్రి ఆ పాట వినపడగానే వంటింట్లో ఉన్నవాళ్లు చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చి కూర్చునేవారు. ఆరేళ్ల పాటు అలా కూర్చోబెట్టడం మాటలు కాదు.

సరుకు చూస్తే ఎంత? పక్కపక్క వాటాల్లో రెండు కాపురాలు, అమృతవిలాస్ అనే ఒక హోటలు, ఒక ఇంటి ఓనరు, ఒక సర్వరు. పెద్ద సెట్లు లేవు, ఫారిన్ లొకేషన్లు లేవు. ఉన్నదల్లా మనుషులు. అమృతానికి పైకి రావాలని ఆశ, దానికి తగ్గ ఓపిక ఉండదు. ఆంజనేయులికి, అంటే అంజికి, తన ఐడియాల మీద కొండంత నమ్మకం. ఓనరు అప్పాజీకి ప్రాణమంతా రూపాయి మీదే. సర్వరు సర్వానికి నోరు ఊరుకోదు. అమృతం, అంజిల భార్యలు సంజీవని, శాంతలకు మొగుళ్ల సంగతి బాగా తెలుసు, తెలిసినా ప్రతిసారీ ఇరుక్కుంటారు. ఈ ఆరుగురినీ ఒక్క చోట పెట్టి తలుపు మూస్తే చాలు, కథ దానంతట అదే నడుస్తుంది. సిట్‌కామ్ విద్యలో మొదటి పాఠం ఇదే. మనిషిలో ఒక లోపం పెట్టాలి, ఆ లోపాన్ని ఎన్నటికీ బాగుచేయకూడదు. నవలలో హీరో చివరికి మారతాడు. సిట్‌కామ్‌లో మారాడంటే మరుసటి వారం ఎపిసోడ్ లేదు. అమృతం, అంజి ఎన్నిసార్లు బోల్తా పడ్డా వచ్చే ఆదివారానికి కొత్త ప్లానుతో సిద్ధంగా ఉండేవారు. అందుకే వాళ్లు మనకు అంత దగ్గరయ్యారు.

అంజిగా చేసిన గుండు హనుమంతరావు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. అమృతం పాత్రలో శివాజీరాజా తర్వాత నరేష్, నరేష్ తర్వాత హర్షవర్ధన్ వచ్చారు. సంజీవనిగా ముందు ఝాన్సీ చేశారు, తర్వాత వేరే వాళ్లు వచ్చారు. అంజి మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒక్కరే. ఆయన గొప్పతనమంతా మాట విరుపులో ఉంది. ఎంత తలాతోకా లేని ఐడియా అయినా మెల్లగా, నచ్చజెప్పే గొంతుతో, బ్యాంకు మేనేజరు లోను వివరాలు చెప్పినట్టు చెప్పేవారు. అరిచేవారు కాదు, కళ్లెగరేసి ఇది జోకు అని మనకు సైగ చేసేవారూ కాదు. అంజి దృష్టిలో అది జోకు కాదు మరి, జీవితం. నటుడు నవ్వకపోతేనే మనకు నవ్వొస్తుందన్న పాత నాటక సూత్రాన్ని ఆయన పాటించినంత నిష్ఠగా తెలుగు తెర మీద పాటించినవాళ్లు నలుగురైదుగురికి మించరు. 2018 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు జనం సినిమా పాత్రల కంటే ముందు అంజినే తలుచుకున్నారు.

ఇక ముగ్గురు అమృతాల్లో ఎవరు మేలన్న పేచీ అభిమానుల్లో ఇప్పటికీ తెగలేదు. శివాజీరాజా అమాయకత్వానికి ప్రాణం పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. నా ఓటు హర్షవర్ధన్‌కే. అంజి మాట నమ్మకూడదని తెలిసీ నమ్మేసే క్షణంలో ఆయన ముఖంలో ముందు భయం, దాని వెనకే ఆశ కనపడతాయి. ఆ రెంటినీ ఒక్క చూపులో పలికించడం చాలా కష్టం. అప్పాజీగా నరిపెద్ది శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి గురించి విడివిడిగా ఒక్కో వ్యాసం రాయొచ్చు. అప్పాజీ గుమ్మంలో అడుగుపెడితే చాలు, ఆయన ఇంకా నోరు తెరవకముందే ఇంట్లో గాలి మారిపోయేది.

ఇలాంటి కథలు అల్లడంలో ఉన్న అసలు కీలకం, దాచడం. తప్పు జరుగుతుంది, దాన్ని దాచడానికి ఒక అబద్ధం ఆడతారు, ఆ అబద్ధాన్ని కాపాడడానికి ఇంకోటి. చివరికి కొంప మునుగుతుంది. ఈ అల్లికలో ప్రపంచంలోనే సాటిలేనిది బీబీసీ వారి ‘ఫాల్టీ టవర్స్’. అదీ హోటలు కథే. జాన్ క్లీజ్, కోనీ బూత్ కలిసి రాశారు. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండే ఎపిసోడ్లు.

అందులో ఒక ఎపిసోడ్‌లో, ఒంట్లో నలతగా ఉన్న అతిథి ఒకాయన పొద్దున టిఫిన్ గదికే పంపమని అడుగుతాడు. హోటలు యజమాని బాసిల్‌కు అదే ఒక నేరంలా కనపడుతుంది. మర్నాడు ట్రే పట్టుకెళ్లి, మంచం మీది మనిషి బతికిలేడని కూడా చూసుకోకుండా, పేపర్లోని సమ్మె వార్తల మీద విసుక్కుంటూ మాట్లాడి మాట్లాడి వచ్చేస్తాడు. తర్వాత పాలు తీసుకెళ్లిన పనమ్మాయి పాలీ చూసి చెబుతుంది. అంతే, బాసిల్ గుండె గుభేలుమంటుంది. ఆ టిఫిన్‌లో గడువు దాటిన చేపలు పెట్టింది తానే! వాటి వల్లే పోయాడనుకుని, పరుగెత్తుకెళ్లి ఆ చేపల్ని తన స్వెట్టర్ లోపల కుక్కుకుంటాడు. ఆ చేపల్ని ఆ మనిషి ముట్టనే లేదని తెలిశాక ఆనందం పట్టలేక గంతులేస్తాడు. పక్కన శవం ఉందన్న సంగతే గుర్తుండదు. అక్కణ్నుంచి శవాన్ని మిగతా అతిథుల కంట పడకుండా ఒక గది నుంచి ఇంకో గదికి, బీరువాలోకి, బట్టల బుట్టలోకి మోస్తూనే ఉంటారు. ఇక్కడ ఒక్క జోకు కూడా బయట నుంచి తెచ్చి అతికించింది కాదు. బాసిల్ పిసినారి కాకపోయుంటే పాత చేపలు పెట్టేవాడు కాదు. పరువుకు అంత భయపడకపోయుంటే దాచేవాడు కాదు. ప్రతి నవ్వూ అతని స్వభావంలోంచే పుడుతుంది.

ఒక్కో స్క్రిప్టుకు ఆరు వారాలు పట్టేదని క్లీజ్ తర్వాత చెప్పుకొచ్చారు. మామూలు అరగంట స్క్రిప్టుకు దాదాపు రెట్టింపు పేజీలు రాసేవారట. వారంలో రిహార్సల్స్, ఆదివారం సాయంత్రం ప్రేక్షకుల ముందు రికార్డింగు. వెయిటర్ మాన్యుయెల్‌గా చేసిన ఆండ్రూ సాక్స్‌కు నిప్పంటుకున్న వంటింటి సీనులో పొగ కోసం వాడిన రసాయనాలతో ఒళ్లు నిజంగానే కాలింది. అయినా ఆ సీను అంత తేలిగ్గా నడుస్తుంది! బాసిల్ భార్య సిబిల్‌గా ప్రునెల్లా స్కేల్స్ ఫోన్లో మాట్లాడుతూ నవ్వే ఆ నవ్వు ఒక్కటి చాలు, ఆ కాపురం ఎలాంటిదో మొత్తం తెలిసిపోవడానికి.

దీనికి ఇరవై ఏళ్ల ముందే అమెరికాలో లూసిల్ బాల్ ఈ విద్యకు బాట వేసింది. ‘ఐ లవ్ లూసీ’ 1951లో మొదలైంది. జర్మన్ సినిమాల కెమెరా ఉద్దండుడు కార్ల్ ఫ్రాయిండ్‌ను పిలిపించి, ఎదురుగా ప్రేక్షకులు కూర్చుని ఉండగా మూడు కెమెరాలతో ఫిల్ము మీద తీసే పద్ధతిని స్థిరపరిచారు. 1952 నాటి చాక్లెట్ ఫ్యాక్టరీ ఎపిసోడ్ చూడండి. లూసీ, ఆమె నేస్తం ఎతెల్ బెల్టు మీద వచ్చే చాక్లెట్లకు కాగితాలు చుట్టాలి, ఒక్కటి తప్పిపోయినా ఉద్యోగం ఊడుతుంది. వేగం అందుకోలేక చాక్లెట్లు నోట్లో, టోపీలో, రవికెలో దోపుకుంటారు. సూపర్‌వైజరమ్మ వచ్చి ఖాళీ బెల్టు చూసి, వీళ్లు భేషుగ్గా చేస్తున్నారనుకుని, బెల్టు ఇంకా వేగంగా తిప్పమంటుంది. దాచడంలో గెలిచారు కాబట్టే మునిగిపోయారు. ఈ ఒక్క సీను చూస్తే చాలు, హాస్యం రాయాలనుకునేవాడికి ఏడాది చదువు అయిపోతుంది. నోటి నిండా చాక్లెట్లున్న లూసిల్ బాల్ బుగ్గలూ కళ్లూ ఒక్క మాట లేకుండా ఎన్ని చెబుతాయో!

మన దేశంలో ఈ బాట దూరదర్శన్ వేసింది. 1984లో వచ్చిన ‘యే జో హై జిందగీ’ని హిందీ అంతంత మాత్రంగా వచ్చిన తెలుగిళ్లలో కూడా విరగబడి చూశారు. శరద్ జోషి రాత, కుందన్ షా వంటి దర్శకులు. షఫీ ఇనామ్‌దార్, స్వరూప్ సంపత్, రాకేష్ బేడీ ఇంటివాళ్లయితే, సతీష్ షా ఎపిసోడుకో కొత్త మనిషిగా వచ్చేవారు. వారం వారం వేరే యాస, వేరే నడక, వేరే వృత్తి. నాలుగు గెటప్పులు మార్చి మహానటుడు అనిపించుకునే ఈ కాలంలో ఆ పని విలువ ఎంతమందికి తెలుస్తుంది? ఆర్.కె. లక్ష్మణ్ ఊహలోంచి వచ్చిన ‘వాగ్లే కీ దునియా’, జస్పాల్ భట్టీ ‘ఫ్లాప్ షో’ ఆ వెనకే వచ్చాయి. హైదరాబాద్ దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం ‘ఆనందోబ్రహ్మ’ వచ్చింది. ఆ విరుపు మాటను తర్వాత సినిమా కాపీ కొట్టి బతికింది.

మన వేర్లు ఇంకా లోతుగా ఉన్నాయి. మునిమాణిక్యం నరసింహారావు కాంతం కథలు చదవండి. మొగుడూ పెళ్లాం, నాలుగు గోడలు, ఒక చిన్న పంతం, అంతే కదా అమృతం ఇల్లు! జంధ్యాల ‘అహ నా పెళ్లంట!’లో కోట శ్రీనివాసరావు కోడిని చూరుకు వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తిన్న సీను ఎవరు మర్చిపోగలరు? ఆ కోడి పిసినారితనం మీద వేసిన జోకు కాదు, ఒక మనిషి నిజంగా బతికే తీరు. గుండు హనుమంతరావు సినిమాల్లోకి వచ్చింది కూడా ఆ చిత్రంతోనే. జంధ్యాల బడి నుంచి అమృతవిలాస్‌కు దారి అలా పడింది.

ఇప్పుడు టీవీ పెడితే ఏముంది? 2013లో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలైన దగ్గర్నుంచి తెలుగు టీవీ హాస్యం అంటే స్కిట్టు, స్కిట్టు అంటే పంచ్ అని ఖాయమైపోయింది. ఎంతోమంది పేద కళాకారులకు ఆ వేదిక అన్నం పెట్టింది, కాదనను. వాళ్లలో నిఖార్సయిన ప్రతిభ ఉన్నవాళ్లూ ఉన్నారు. కానీ ఆ ప్రతిభను ఎందుకు వాడుతున్నారు? లావుగా ఉన్నవాడి లావు మీద జోకు, నల్లగా ఉన్నవాడి రంగు మీద జోకు. మగవాడికి చీర కట్టి ఆడదాన్ని వెక్కిరించడం. వేదిక మీదున్నవాడి సొంత పెళ్లాన్ని, తల్లిని లాగి మాటలు అనడం. ఒక పంచ్‌కూ ఇంకో పంచ్‌కూ సంబంధం ఉండదు, వరస మార్చి చెప్పినా తేడా తెలీదు. పాత్ర లేదు, ఇల్లు లేదు, వచ్చే వారం గుర్తుండే మనిషి ఒక్కడూ లేడు. పక్కన జడ్జీలు కుర్చీలోంచి పడిపోయేంత నవ్వు నవ్వుతుంటారు, ఎప్పుడు నవ్వాలో మనకు నేర్పుతున్నట్టు. ఇది అవమానం. హాస్యానికే కాదు, చూసేవాళ్లకు కూడా.

రికార్డు చేసిన నవ్వు కొత్తదేమీ కాదు. 1950ల్లోనే అమెరికాలో చార్లెస్ డగ్లస్ అనే ఇంజనీరు దానికి ఒక పెట్టె తయారుచేశాడు. కానీ లూసీ, బాసిల్ ఎదుట కూర్చున్నది నిజం మనుషులు. వాళ్లు నవ్వితే నటుడు ఆగాలి, నవ్వు తగ్గే క్షణం కనిపెట్టి తర్వాతి మాట అందుకోవాలి, నవ్వకపోతే రాసినవాడు ఆ రాత్రే తిరగరాసుకోవాలి. ఆ భయమే పనిని చెక్కింది. మీట నొక్కితే వచ్చే నవ్వుకు ఆ భయం లేదు, అందుకే పనిలో శ్రద్ధా లేదు.

వెబ్ సిరీస్‌లు వచ్చాక మేలు జరుగుతుందనుకున్నాం. చాలావరకు బూతే స్వేచ్ఛ అయిపోయింది. ‘అమృతం’ రెండో భాగం 2020లో జీ5లో వచ్చింది. ఎల్.బి. శ్రీరామ్ అంజిగా చేశారు. ఆయన మహా నటుడు, అయినా నా కళ్లు గుండు హనుమంతరావు కోసమే వెతికాయి. కొత్తవాటిలో పాత విద్యను నిలబెట్టింది హిందీ ‘పంచాయత్’. ఫులేరా పంచాయతీ ఆఫీసులో ఒక కుర్చీ కోసం ఎపిసోడ్ నడిపారంటే ఆ రాతకు దండం పెట్టాలి. దాన్ని తెలుగులో ‘సివరపల్లి’గా 2025లో తెచ్చారు, రాగ్ మయూర్ బాగా చేశాడు. కానీ మన పంచాయతీ ఆఫీసు కథను కూడా మనం అరువు తెచ్చుకోవాలా? మన సచివాలయాలు, మన మీసేవ కేంద్రాలు, మన కర్రీ పాయింట్లు, అమీర్‌పేట హాస్టళ్లు రాసేవాళ్ల కోసం కాచుకుని కూర్చున్నాయి. ఆదిత్య హాసన్ తీసిన ‘నైంటీస్’ 2024లో ఒక లెక్కల మాస్టారి ఇంటిని చూపిస్తే జనం ఎలా ఆదరించారో చూశాం. ఒక్క బూతు లేదు, ఒక్క వెక్కిరింత లేదు.

ఛానళ్ల పెద్దలకు నా విన్నపం ఒకటే. ఆదివారం రాత్రి అరగంట మళ్లీ ఇవ్వండి. ఒక ఇల్లు, ఒక దుకాణం, ఆరుగురు నటులు చాలు. నటులకంటే ముందు రాసేవాళ్లను కూర్చోబెట్టండి. ఎపిసోడుకు ఆరు వారాలు ఇవ్వలేకపోతే మూడు వారాలైనా ఇవ్వండి. మొదటి నెల రేటింగులు చూసి ఆపేయకండి, పాత్రలు జనానికి అలవాటు కావడానికి కాస్త టైము పడుతుంది. ఇంతలోపు మీ ఇంట్లో పిల్లలకు ‘అమృతం’ చూపించండి. యూట్యూబ్‌లో దొరుకుతుంది. వరసగా నాలుగైదు ఎపిసోడ్లు పెట్టండి, ఐదోది ఆపమంటే వాళ్లు ఒప్పుకోరు.